ఎక్కడ దొరికిందని అడగకూడదట

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం "ఒక చోట" అన్న రెండు మాటలు చెవిలో జోరీగలా తిరుగుతున్నాయి.

ఈరోజు మా శిలాజాల సేకరణ క్లబ్బు నెలవారీ సమావేశం. ఉలి గారు (మా క్లబ్బు సభ్యుడే, ఆయన గురించి ఇక్కడ చాలాసార్లు వాపోయాను) సంచిలోంచి పాత తువ్వాలు మూట తీసి బల్ల మీద విప్పారు. అరచేయంత అమ్మోనైట్ (చుట్ట తిరిగిన పెంకుతో ఒకప్పుడు సముద్రాల్లో బతికిన జీవి శిలాజం). చుట్ట ఎక్కడా విరగలేదు, పైన గట్లు ఒక్కటీ చెదరలేదు. పెంకు అరిగిన చోట లోపలి గదుల అతుకులు వంకరటింకర గీతలుగా కనిపిస్తున్నాయి. ఇంత చక్కటిది మా క్లబ్బులో ఎవరికీ దొరకలేదు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను, అబద్ధమెందుకు?

పక్కన పెట్టిన చీటీ చూశాను. "అమ్మోనైట్, జురాసిక్." అంతే.

"ఎక్కడ దొరికిందండీ?" అన్నాను.

"ఒక చోట."

"ఏ పొరలో?"

"రాతి పొరలోనే అమ్మా!"

అందరూ నవ్వారు. కార్యదర్శి గారైతే కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. జురాసిక్ అంటే ఏమన్నా వీధి పేరా? 20 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 14.5 కోట్ల సంవత్సరాల క్రితం దాకా సాగిన కాలం. పైగా దొరికింది అమ్మోనైట్. ఈ జీవుల్లో జాతులు త్వరత్వరగా మారిపోయాయి, సముద్రాలంతటా వ్యాపించాయి. అందుకే ఫలానా జాతి ఫలానా పొరలో ఉందంటే ఆ పొర వయసు చెప్పేయవచ్చు. ఇంకే శిలాజానికి చిరునామా లేకపోయినా సర్దుకుంటానేమో గానీ, దీనికి లేకపోతే ఎలా?

మంచి సంగతి కూడా ఒకటి జరిగింది, రాయకపోతే అన్యాయం. ఒక పిల్లవాడు రాతి మీద నల్లటి మొక్క ముద్ర ఉందని తెచ్చాడు. అది మొక్క కాదు, రాతి పగుళ్లలోకి చేరిన నీటిలోని మాంగనీసు అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుందని చెప్పాను. మొహం ముడుచుకుంటాడనుకుంటే, "అయితే రాయి తనంతట తానే బొమ్మ వేసుకుందా?" అని గంతులేశాడు. వాడు మాత్రం దొరికిన చోటు, తేదీ, చివర తన పేరు, అన్నీ నోటు పుస్తకంలో రాసుకొచ్చాడు.

వాడి పుస్తకం చూస్తుంటే నాకు ఈ పని నేర్పిన మాస్టారు గుర్తొచ్చారు. ఆయనతో నా మొదటి యాత్ర పాడుబడ్డ సున్నపురాయి క్వారీకి. యజమాని అనుమతి కాగితం జేబులో పెట్టుకుని, తలకు టోపీలు, కళ్లకు అద్దాలు పెట్టించి, కొండచరియ కింద ఎవరూ నిలబడకూడదని రెండుసార్లు చెప్పి గానీ లోపలికి వదల్లేదు. కాసేపటికే నాకు గుప్పెడంత గవ్వ దొరికింది. ఎగిరి గంతేసి సంచిలో వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "అమ్మాయ్, రాయి దొరికితే ముందు రాయి, ఆ తర్వాతే సంచిలో వెయ్యి" అన్నారు. అడుగు నుంచి ఎన్నో పొర, పొరలోనే ఉందా, రాలి కింద పడిందా, దాని పక్కన ఇంకేమున్నాయి, అన్నీ రాయించారు. రాలి పడినదైతే "రాలినది" అనే రాయాలట. పై పొరలోది కింద పడి ఉంటే లెక్క తప్పుతుంది కదా! ఆ ఎండలో నాకు చిరాకేసింది. ఇంటికి వచ్చాక ఆయనతో (మా ఆయనతో) గుమాస్తా ఉద్యోగానికి వెళ్లొచ్చినట్టుందని కూడా అన్నాను.

తర్వాత ఒకరోజు మాస్టారు ఒక రేకు డబ్బా తెరిచి చూపించారు. నిండా సొరచేప పళ్లు. నిగనిగలాడుతున్నాయి, కొన్నింటి అంచు రంపపు పళ్లు వేలికి ఇంకా గరుకుగా తగులుతున్నాయి. ఆయన చిన్నతనంలో ఏరినవి. ఎక్కడివో ఆయనకే గుర్తు లేదు. సొరచేపలకు పళ్లు జీవితమంతా ఊడుతూ మొలుస్తూనే ఉంటాయి కాబట్టి అవి అరుదేమీ కావని నవ్వేశారు గానీ, మూత పెట్టేటప్పుడు నవ్వలేదు. మాస్టారు పోయాక ఆయన సేకరణను ఒక మ్యూజియం వాళ్లు చూడటానికి వచ్చారు. చీటీలున్న పెట్టెలన్నీ తీసుకెళ్లారు. రేకు డబ్బా వెనక్కి ఇచ్చారు. ఇప్పుడది క్లబ్బులో పిల్లలు ఆడుకునే బల్ల మీద ఉంది.

విలియం స్మిత్ కథ మొదట చెప్పింది కూడా మాస్టారే. కాలువలు తవ్వించే సర్వేయరు. ఏ పొరలో ఏ శిలాజాలున్నాయో రాసుకుంటూ పోయి, వాటి సాయంతో దూరదూరాల పొరలను కలిపి, 1815లో ఇంగ్లండు భూగర్భ పటం అచ్చు వేశాడు. అప్పులు తీర్చడానికి శిలాజాలు బ్రిటిష్ మ్యూజియానికి అమ్ముకున్నాడు, అయినా 1819లో అప్పుల జైలుకు వెళ్లక తప్పలేదు. ఆయన కూడా "ఒక చోట" అని రాసుకుని ఉంటే పటం ఎక్కడి నుంచి వచ్చేది?

ఇంతవరకూ రాసి, మంచినీళ్లు తాగి వచ్చాను. ఇప్పుడు కోపం కొంచెం పలచబడింది. ఎందుకంటే ఆ క్వారీ గుర్తొచ్చింది. దాని సంగతి బయటి వాళ్లకు చెప్పింది ఉలి గారే, ఎంతో సంబరంగా చెప్పారు. మేము మళ్లీ వెళ్లేసరికి మాస్టారు లెక్కపెట్టించిన పొరల్ని గునపాలతో పెళ్లగించేశారు. పగిలిన ముక్కలు, ఖాళీ సీసాలు మిగిలాయి. యజమాని గేటుకు తాళం వేశాడు, మాకు కూడా. ఆ రోజు ఉలి గారు తిరుగు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోటికి తాళం అప్పుడే పడిందేమో, నేనే గమనించలేదేమో.

అమెరికాలో ఇంతకన్నా ఘోరం జరిగింది. దక్షిణ డకోటాలో సైకాడ్ (ఈతచెట్టులా కనిపించే మొక్క) లాంటి పాతకాలపు చెట్ల శిలాజాలున్న చోటును 1922లో జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. నేల మీద కనిపించే శిలాజాలన్నీ జనం ఎత్తుకుపోయారు. కాపాడటానికి ఏమీ మిగల్లేదని 1957లో ఆ హోదానే రద్దు చేశారు. ఆ స్థలాన్ని రక్షించాలని పోరాడిన శాస్త్రవేత్తే అంతకుముందు వందల కొద్దీ మోసుకెళ్లాడట! అందుకే చాలా మ్యూజియాలు కూడా కచ్చితమైన చోటు అందరికీ చెప్పవు, దరఖాస్తు పెట్టుకున్న పరిశోధకులకే చెబుతాయి.

అయితే ఉలి గారిదే రైటా? కాదు. మ్యూజియం చెప్పకపోయినా రాసి దాచుకుంటుంది. ఈయన రాయడం కూడా లేదు. డెబ్బై దాటిన మనిషి, కొండలెక్కుతుంటే మాకు భయం. ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేని చోటు ఆయనతోనే పోతుంది. అంత చక్కటి అమ్మోనైట్ వెళ్లి రేకు డబ్బా పక్కన కూర్చుంటుంది. అన్నట్టు, రాసి పెట్టినా చీటీలు చిరంజీవులు కావు. మా మూడో అరలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) పట్టిన అమ్మోనైట్లకు తేమ తగిలి పొడి రాలుతోంది. పైరైట్ చెడితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, అది రాయితో పాటు కింద ఉన్న చీటీని కూడా తినేసింది. రిజిస్టరులో నకలు ఉండబట్టి సరిపోయింది.

ఇంగ్లండులో శిలాజాలు ఏరి అమ్మిన మేరీ ఆనింగ్ సంగతి తెలుసు కదా. 1823లో పూర్తి ప్లీసియోసార్ (పొడవాటి మెడ ఉన్న పురాతన సముద్ర సరీసృపం) అస్థిపంజరాన్ని తవ్వి తీసిన మనిషి. ఆమె శిలాజాల పక్కన చాలాకాలం కొని దానం చేసిన పెద్దమనుషుల పేర్లే ఉండేవి, ఆమె పేరు లేదు. ఉలి గారు తన చీటీ మీద తన పేరు కూడా రాయలేదని ఇప్పుడు ఫోటో పెద్దది చేసి చూస్తే తెలిసింది. ప్రగల్భాల మనిషి అనుకున్నాను. దాంతో కోపం ఎటు పెట్టాలో తెలియకుండా పోయింది.

వచ్చే సమావేశంలో ఒక ప్రతిపాదన పెడతాను. చోటు చెప్పడం ఇష్టం లేనివాళ్లు కాగితం మీద రాసి, కవరు అంటించి, నమూనా నంబరు మాత్రం పైన వేసి క్లబ్బు పెట్టెలో పెట్టాలి. వాళ్లు బతికుండగా వాళ్ల అనుమతి లేకుండా తెరవకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది, పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర ఆగిపోయాను. కార్యదర్శి గారు హాలు తాళమే తరచూ పోగొడతారు. నా దగ్గర అంటే ఉలి గారు చచ్చినా ఒప్పుకోరు.