గుంట గట్టున పచ్చ లైటు

ఆదివారం, రాత్రి 10:30

పిన్నమ్మ పెట్టిన చేపల పులుసు తిని చేతులు రెండుసార్లు కడుక్కున్నా సోల్డర్ వాసన పోలేదు. నిద్ర కూడా రావట్లేదు. ఇవాళ జరిగింది రాసుకోవాలని ఉంది.

పొద్దున 7 గంటలకే ఇందుకూరుపేట దగ్గర చిన్నాయన రొయ్యల గుంటల కాడికి వెళ్లాను. కాలేజీ రోజుల్లో కొన్న ఆర్డ్యూనో ఉనో (మనం రాసిన ప్రోగ్రాము ప్రకారం నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు), రెండు ఎల్ఈడీలు, కరెంటుని అడ్డుకునే రెసిస్టర్లు కాసిన్ని సంచిలో వేసుకున్నాను. పోయిన పంటలో ఒక తెల్లవారుజామున ఏరియేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే రెక్కల మోటార్లు, ఆగిపోయాయి. జనరేటర్ అక్కడే ఉంది, డీజిల్ ఉంది. కాపలా తాత షెడ్డులో నిద్రపోతున్నాడు. ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. పగలు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అది కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లారే ముందు గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ పొద్దు గట్టు మీద కూర్చున్న చిన్నాయన ముఖం నాకింకా గుర్తుంది.

మొదట నేను అనుకున్నది, కరెంటు పోతే ఎర్ర లైటు వెలగాలని. చిన్నాయన విని, "కరెంటు ఉందా లేదా అని కాదు పాపా, ఏరియేటర్ తిరగతా ఉందా లేదా తెలియాల. కరెంటు ఉన్నా ఒక్కోసారి స్టార్టర్ పడిపోద్ది" అన్నాడు. ఆ మాటతో ప్లాన్ మారిపోయింది: ఏరియేటర్ తిరుగుతుంటే పచ్చది, ఆగితే ఎర్రది వెలగాలి. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి స్టార్టర్ పెట్టె విప్పి చూశాడు. మోటారుకి కరెంటు వదిలే కాంటాక్టర్‌లో ఒక జత పాయింట్లు ఖాళీగా ఉన్నాయి. కాంటాక్టర్ మోటారుకి కరెంటు ఇస్తే అవి కలుస్తాయి, ఆపితే విడిపోతాయి. వాటికి వేరే కరెంటు ఏదీ తగలదు. నాకు కావాల్సింది అదే. అక్కడి నుంచి షెడ్డు దాకా రెండు తీగలు లాగాం.

ఒక తీగ బోర్డు గ్రౌండ్‌కి (సున్నా వోల్టుల చోటు), రెండోది 2వ నంబర్ పిన్‌కి కలిపి, పిన్‌ని ఇన్‌పుట్‌గా పెట్టి చదివించాను. ఏరియేటర్ తిరుగుతున్నంతసేపూ రీడింగ్ సున్నా, బాగానే ఉంది. ఆపగానే మొదలైంది తంటా. ఎర్రది వెలగాల్సింది పోయి పిచ్చిగా మిణుకుమంది. తీగ దగ్గరికి చెయ్యి పెడితే ఒక రకంగా, తీస్తే ఇంకో రకంగా. పాయింట్లు విడిపోయాక ఆ పిన్ ఎవరికీ చెందకుండా గాలిలో వేలాడుతోంది. 5 వోల్టుల దగ్గరా లేదు, సున్నా దగ్గరా లేదు. బోర్డు మీది చిప్ 3 వోల్టులు దాటితే ఒకటి అంటుంది, 1.5 కంటే తగ్గితే సున్నా అంటుంది. మధ్యలో ఉంటే ఏమంటుందో నమ్మలేం. పైగా మన తీగ మోటారు కేబుల్ పక్కనే పోతోంది, దాని అలజడి అంతా ఇందులోకి వస్తోంది.

దీనికి మందు పుల్-అప్. పిన్‌ని ఒక రెసిస్టర్‌తో 5 వోల్టులకి కట్టేస్తే, పాయింట్లు విడిపోగానే అది తిన్నగా ఒకటి దగ్గరికి పోతుంది. చిప్ లోపలే 20 నుంచి 50 కిలో ఓమ్‌ల పుల్-అప్ ఉంది, ప్రోగ్రాములో ఒక్క మాట మారిస్తే చాలు. బల్ల మీద బటన్‌కి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇంత పొడుగు తీగకి మాత్రం ఆ పట్టు చాలదు. ఓమ్‌లు తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది, అందుకని బయట 1 కిలో ఓమ్ పెట్టాను. మిణుకు ఆగిపోయింది. పాయింట్లు కలిసేటప్పుడు, విడిపోయేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి కాబట్టి, 2 సెకన్లపాటు మారకుండా ఒకే రీడింగ్ వస్తేనే నమ్మమని ప్రోగ్రాములో రాశాను.

ఇట్టా కట్టడంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. తిరుగుతుంటే సున్నా, ఆగితే ఒకటి. ఎలుక తీగ కొరికినా, జాయింటు ఊడినా కూడా ఒకటే వస్తుంది, అంటే ఎర్రదే వెలుగుతుంది. అటుదిటు కట్టి ఉంటే తీగ తెగిన రోజు ఏరియేటర్ ఆగిపోయినా పచ్చదే చూపించేది. చదువుకునేటప్పుడు ఒకటి, సున్నా ఎటు పెట్టుకున్నా ఒకటే అనుకునేదాన్ని. గుంట దగ్గర అది ఒకటి కాదు.

రెండు తీగలూ నలిగి ఒకదానికొకటి తగులుకుంటే మాత్రం పచ్చది అబద్ధం చెబుతుంది. దానికి తాతకి ఒక పని చెప్పాను: సాయంత్రం ఏరియేటర్ వేసే ముందు ఎర్రది వెలుగుతూ ఉండాలి, వేశాక పచ్చదానికి మారాలి. మారకపోతే నాకు ఫోన్ చెయ్యాలి. రెండూ వెలగకపోతే బోర్డే పోయినట్టు. తాత రెండుసార్లు అడిగి మరీ గుర్తు పెట్టుకున్నాడు.

ఎల్ఈడీలకి 220 ఓమ్‌లు వేశాను. 5 వోల్టుల్లో 2 ఎల్ఈడీకి పోతే మిగిలిన 3 వోల్టులకి 14 మిల్లీ ఆంపియర్లు కూడా రావు, పిన్‌కి భారం కాదు. నిద్రలో ఉన్న మనిషికి లైటు చాలదు కాబట్టి ఎర్రదానితో పాటు మోగేలా ట్రాన్సిస్టర్ మీద చిన్న బజర్ కూడా పెట్టాను. కరెంటు పోయినా బోర్డు బతికుండాలి, అందుకని 12 వోల్టుల బ్యాటరీకి, దాన్ని బోర్డుకి కావాల్సిన 5 వోల్టులకి దించేలా, బైక్‌కి పెట్టే ఫోన్ చార్జర్ తగిలించాను.

సాయంత్రం చిన్నాయన తనే వెళ్లి స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కాడు. ఏరియేటర్ రెక్కలు నెమ్మదించి ఆగాయి. నాకు టెన్షన్. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు ఎర్రది వెలిగి బజర్ మోగింది. ఆయన షెడ్డులోకి పరిగెత్తుకుంటూ వచ్చి చూశాడు. మళ్లీ వెళ్లి వేశాడు, పచ్చది. మళ్లీ ఆపాడు. అట్టా నాలుగుసార్లు.

ఇందాక 10 గంటలకి ఫోన్ చేశాడు. "పచ్చదే వెలగతా ఉంది పాపా. రెండో గుంటకి ఇంకో బోర్డు కొనాల్నా?"

"అక్కర్లేదు చిన్నాయనా, ఇందులోనే ఇంకా చాలా పిన్‌లు ఖాళీగా ఉన్నాయి. తీగ ఒక్కటి తెప్పించు" అన్నాను.