తాతయ్య గణాలు, మనవరాలి ఊనిక

డాలస్‌లో ఏడో తరగతి చదివే మా అమ్మాయికి సైన్సు పదాలంటే బెదురు లేదు. డీఆక్సీరైబోన్యూక్లియిక్ అని గుక్క తిప్పుకోకుండా అనేస్తుంది. వేసవికి హైదరాబాద్ వచ్చినప్పుడు నల్లకుంటలో మా నాన్న ఆ మాట విని ఊరుకోలేదు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. "విడగొట్టి చెప్పు తల్లీ" అంటూ డీ-ఆక్-సి-రై-బో-న్యూ-క్లీ-ఇక్ అని ఎనిమిది ముక్కలు రాసుకుని, పైన గురులఘువులు వేశారు. 'సి' తప్ప అన్నీ గురువులే!

"కాదు తాతయ్యా, అన్నిటికన్నా గట్టిగా పలికేది క్లీ. రై కొంచెం."

తేడా అక్కడే ఉంది. మనకు దీర్ఘమో, పొల్లో, పక్కన సంయుక్తాక్షరమో ఉంటే గురువు. ఏ అక్షరం పొడవు దానిదే. ఇంగ్లీషులో చివర ఏం తగిలిందన్నదాన్ని బట్టి ఊనిక, అంటే నొక్కి పలకడం, చోటు మారుతుంది. ఫొటోగ్రాఫ్‌లో మొదటి ముక్క మీద, ఫొటోగ్రఫీలో రెండోదాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. చివర 'ఇక్' ఉంటే దాదాపు ఎప్పుడూ దాని ముందు ముక్క మీదే. బయాలజీ, జియాగ్రఫీ లాంటివాటిలో చివరినుంచి మూడోదాని మీద. దీనికీ సూత్రాలున్నాయని తెలిశాక మా నాన్న వదిలితే ఒట్టు.

ఊనిక పడని అచ్చులు నలిగిపోతాయి. మైటోకాండ్రియాలో మా అమ్మాయి 'కాన్' మీద నొక్కి, 'టో'ని 'ట' చేసేస్తుంది. థర్మామీటర్ దాని నోట థర్మామిటర్. మా అన్నయ్య కొడుకు ఇక్కడే చదువుతున్నాడు, ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాడు. మొదట్లో ఒకరి సైన్సు ఒకరికి అర్థం కాలేదు. అయితే స్పెల్లింగులో వాడిదే పైచేయి. అన్నీ పలికేవాడికి ఏ అక్షరమూ జారిపోదు కదా. అందుకే వాడి ఉచ్చారణ దిద్దమని మా ఆవిడ అంటే నేను ఒప్పుకోలేదు. అమెరికా యాస నేర్పడానికి మేం సెలవుల్లో రాలేదు.

దిద్దాల్సింది మా అమ్మాయి తెలుగునే. ఊరి పేరును కూడా అటూ ఇటూ నొక్కి, మధ్యలో 'ద'ని మింగేస్తుంది. మా నాన్న దాన్నీ కాగితం మీద పెట్టారు: హైదరా, ర గణం. బాదు, హ గణం. ఇప్పుడు ఐదక్షరాలూ వినిపిస్తున్నాయి.

కిలోమీటర్ దగ్గర మాత్రం తాతా మనవరాలికి ఇంకా తెగలేదు. థర్మామీటర్ లాగే 'లో' మీద నొక్కాలని ఆయన సూత్రం చెబుతారు. అక్కడివాళ్లే కొందరు 'కి' మీద నొక్కుతారని అది అంటుంది. నిఘంటువులో రెండూ ఉన్నాయి.