పట్టా లేని గోల్ఫ్ క్లబ్బు

ఇంగ్లండ్‌లో నాది మ్యాపుల ఉద్యోగం. పొలంలో సోలార్ ప్యానెళ్లు వేయాలంటే ముందు ఆ నేల పాత చరిత్ర రాసివ్వాలి. కింద రోమన్ల కాలం గోడేదైనా బయటపడుతుందేమోనని కంపెనీవాళ్లకి ఒకటే టెన్షన్. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన పాత మ్యాపుల్ని స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది కాబట్టి మా వెతుకులాట అక్కడే మొదలవుతుంది. అలా ఒక పల్లె మ్యాపులో, ఇప్పుడు గోధుమ పండే చోట, ‘గోల్ఫ్ లింక్స్’ అని ఉంది, అంటే గోల్ఫ్ ఆడే మైదానం. పక్కన చిన్న డబ్బా, క్లబ్ హౌసట.

మా పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు నౌపడా నుంచి నడవడం మొదలైంది 1900లో. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండ్ పల్లెల్లో తొమ్మిది హోల్స్ గోల్ఫ్ క్లబ్బులు పుట్టగొడుగుల్లా లేచాయి. డాక్టరు, చర్చి పాస్టరు, బడిపంతులు, చోటివ్వడానికి ఒప్పుకునే రైతు దొరికితే చాలు. గడ్డి కోసే ఖర్చు గొర్రెలు తప్పించేవి. బంతిని దొర్లించి గుంతలో వేసే గ్రీన్ మీదికి అవి ఎక్కకుండా చుట్టూ తీగ కట్టేవారు.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు బాబాయికి ఇదంతా ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఆయన రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. మా ఊళ్లో కాగితం ఒడియాలో, తగువు తెలుగులో. ఆయన సర్వీసంతా ఆ రెంటి మధ్యే గడిచింది. ఆట గురించి ఒక్క ముక్క అడగలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, “ఏట్రా, పట్టా ఎవుల పేరున ఉంది?” అన్నారు.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. అలాంటి క్లబ్బుల్లో చాలావాటికి సొంత నేల లేదు. కౌలు నేల, అందులోనూ మేత హక్కు రైతుదే. క్లబ్బుకంటూ ఉన్నవి జెండాలు, ఒక రోలరు, రేకుల షెడ్డు. 1899లో హాస్కెల్ అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్న రబ్బరు బంతి వచ్చాక దెబ్బ దూరం పోవడం మొదలైంది, పొట్టి కోర్సులు చాలలేదు. పొడిగిద్దామంటే పక్క చేనుకీ కౌలు కట్టాలి. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. ఆడే కుర్రాళ్లు సైన్యానికి వెళ్లారు, తిండి కరువై నేల నాగలి కిందికి వెళ్లింది. మిగిలినవాటిలో కొన్ని రెండో యుద్ధంలో పోయాయి. పచ్చిక దున్నితే ఎకరానికి 2 పౌండ్లిస్తామని 1939 మేలో ప్రభుత్వం చెప్పాక ఏ రైతు మాత్రం జెండాలు చూసి ఆగుతాడు?

“మరి సోలారోళ్లు కొంటున్నారా?” అన్నారు బాబాయి. నలభై ఏళ్ల కౌలు అని చెప్తే, “అయితే కాగితం గట్టిగా రాయించుకోమను” అన్నారు.

దున్నిన పొలంలో ఆనవాలే లేదు. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన ఎత్తుపల్లాల చిత్రంలో మాత్రం, నాగలి పడని వాలు మీద ఒక చదును గట్టు, దాని ముందు ఇసుక గుంత కనిపించాయి. చూడ్డానికి వెళ్తే రైతు “ఇక్కడ గోల్ఫా?” అని నవ్వాడు. ఆ రేకుల షెడ్డు వాళ్లింట్లో అందరికీ కోళ్ల షెడ్డుగానే తెలుసు. రిపోర్టులో క్లబ్బుకి ఒక్క వాక్యం దక్కింది, ‘ప్రాముఖ్యం తక్కువ’ అని. కోళ్ల సంగతి కూడా రాశాను గానీ మా మేనేజరు కొట్టేశాడు.