మా చిన్నాయన షాపుకి ట్రిక్సీ వచ్చింది, నా బుల్లి లాప్‌టాప్‌కి మాత్రం రాలా

డెబియన్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, కాకపోతే ఊరికే వచ్చేది, లైనక్స్ జాతిది. దాని 13వ వెర్షన్, పేరు ట్రిక్సీ, రిలీజ్ అయింది 2025 ఆగస్టు 9న. నేను దాని గురించి రాస్తుండేది ఇప్పుడు. లేటే, ఒప్పుకుంటా. ఈ మధ్యలో ఏం జరిగిందంటే దీపావళికి కావలి పొయ్యాను, మా చిన్నాయన నన్ను ఇంట్లో కూర్చోనియ్యకుండా తీసకపొయ్యి షాపులో కూర్చోబెట్టాడు, పిండివంటలు కూడా క్యారేజీలో షాపుకే వచ్చాయి, ఆ నాలుగు రోజులు అయ్యేసరికి ఈ రిలీజ్ మీద నాకు రెండు అభిప్రాయాలు తయారయ్యాయి, ఆ రెండిటికీ ఒకదానికొకటి పడదు.

షాపంటే పెద్దదేం కాదు. ట్రంకు రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో జిరాక్స్, డీటీపీ, పెళ్ళి పత్రికలు, కాలేజీ పిల్లల అప్లికేషన్లు, రైలు టికెట్లు. నాలుగు సిస్టమ్స్, అన్నీ సెకండ్‌హ్యాండ్ ఐ3లు, నాలుగో జనరేషనువి, ర్యామ్ నాలుగేసి జీబీ. అన్నిట్లో విండోస్ 10. దానికి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11 పడాలంటే ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాల. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే దారి అప్పుడు ఉండింది గానీ అది ఏడాదే. మా చిన్నాయన లెక్క ఆయనది, "నాలుగు కొత్తయి కొనాలంటే లక్ష దాటిపోద్ది, నువ్వు ఎప్పుడు చూసినా ఊరికే వస్తది ఊరికే వస్తది అంటుంటావే, అదేందో వెయ్యబ్బాయ్ చూద్దాం" అన్నాడు.

తెలియనోళ్ళ కోసం రెండు ముక్కలు. డెబియన్‌ని 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే కుర్రోడు, అప్పటికి స్టూడెంటు, మొదలుపెట్టాడు, అప్పుడు తన గర్ల్‌ఫ్రెండ్ డెబ్రా పేరూ తన పేరూ కలిపితే డెబియన్. దీనికి ఓనర్ కంపెనీ అంటూ లేదు. ప్రపంచమంతా కలిపి వెయ్యి మందికి అటూ ఇటూగా డెవలపర్లు, వాళ్ళెనక ఇంకా చానామంది, అందరూ వాలంటీర్లే. ఉబుంటు, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లాంటి వేరే లైనక్స్‌లన్నీ దీని మీద కట్టుకున్నయ్యే. ఏటేటా లీడర్ని ఓట్లేసి ఎన్నుకుంటారు, 2024లోనూ 2025లోనూ ఆండ్రియాస్ టిల్లే గెలిచాడు. ఆ ఎన్నికల్లో నాకు నచ్చేది వాళ్ళ 'పైవారెవరూ కాదు'. మన నోటా లాగా ఊరికే నొక్కి రావడం కాదు, క్యాండిడేట్ కంటే దాన్నే ఎక్కువమంది పైన పెడితే ఆ క్యాండిడేట్ అవుట్. మా మండలంలో ఈ రూలు పెడితే ఎంతమంది మిగులుతారో.

వెర్షన్ల పేర్లేమో టాయ్ స్టోరీ సినిమాల్లో బొమ్మలవి. పన్నెండు బుక్‌వర్మ్, పదమూడు ట్రిక్సీ, నీలం రంగు ట్రైసెరాటాప్స్ అది, వచ్చే పద్నాలుగు ఫోర్కీ. కొత్త ప్యాకేజీలు ముందుగా వచ్చి పడే, ఎప్పుడూ మారుతుండే అన్‌స్టేబుల్ బ్రాంచి పేరు సిడ్, మొదటి సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లోడు. ఆ పేరు పెట్టినోడికి దండం పెట్టొచ్చు.

సరే, పని. మొదటి సిస్టమ్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశా. ఇన్‌స్టాలర్‌లో భాషల లిస్టులో తెలుగు ఉంటది, అది నొక్కి చూపించా, చిన్నాయన అద్దాలు పైకి నెట్టుకోని చదువుకుంటా పొయ్యాడు. కొన్ని స్క్రీన్లలో మధ్యమధ్యలో ఇంగ్లీషు కనపడింది, "ఇదేంది సగం తెలుగు సగం ఇంగ్లీషు, మీ పిల్లోళ్ళ మాటల్లాగా" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఆ మాట సంగతికి మళ్ళీ వస్తా.

వైఫై ఒక్క దెబ్బకి కనెక్ట్ అయింది. ఇది మీకు మామూలు విషయంలాగా ఉండొచ్చు, నాకు కాదు, 2011లో నేను మొదటిసారి డెబియన్ వేసినప్పుడు వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై చిప్‌ని నడిపే చిన్న ప్రోగ్రాము) కోసం ఇంకో సిస్టమ్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, అది ఏ ఫోల్డర్లో పెట్టాల్నో తెలియక ఒక రాత్రంతా పొయ్యింది. కారణమేందంటే ఆ ఫర్మ్‌వేర్‌కి సోర్స్ కోడ్ ఉండదు, ఎవరైనా చూసి మార్చుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి అఫీషియల్ ఇన్‌స్టాలర్‌లో పెట్టేది లేదని డెబియన్ వాళ్ళు ఏళ్ళ తరబడి పట్టుబట్టి కూర్చున్నారు. 2022లో దీని మీద ఓటింగ్ పెట్టారు, పెద్ద చర్చే జరిగింది, సిద్ధాంతం కావాల్నా, ఇన్‌స్టాల్ చేసుకునేవాడి వైఫై పనిచెయ్యాల్నా అని. చివరికి పెట్టాలనే తీర్మానం గెలిచింది, దానికోసం 1997 నుంచి ఉన్న వాళ్ళ సోషల్ కాంట్రాక్టులో (వాడేవాళ్ళకి వాళ్ళు ఇచ్చుకున్న మాటల పత్రం) ఒక వాక్యం కూడా చేర్చుకున్నారు, బుక్‌వర్మ్ నుంచి ఫర్మ్‌వేర్ లోపలే వస్తుంది. నేనైతే అప్పట్లో వద్దనే వర్గం. షాపులో గిరాకీ నిలబడి ఉంటే నెట్ రాకపోతే ఎట్టుంటదో చూశాక ఇప్పుడు అట్టా అనలేను.

అసలు పరీక్ష డీటీపీ అక్క. ఆ షాపులో పదిహేనేళ్ళ నుంచి చేస్తుంది, చూడకుండా యాపిల్ కీబోర్డు లేఅవుట్‌లో కొడతది, ఫోనిటిక్‌లో, అంటే ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే పద్ధతిలో, టైపు చెయ్యమంటే అదేదో తిట్టినట్టు మొహం పెడతది. వేరే భాషల్లో టైపు చెయ్యడానికి ఉండే ఐబస్ వేసి దాంట్లో ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లతో పాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. ఆమె కూర్చుని గబగబా నాలుగు లైన్లు కొట్టింది, క్ష, స్త్రీ, జ్ఞ అన్నీ చూసుకుంది, "బాగానే ఉందే" అనింది. పోతన, వేమన ఫాంట్లు కూడా డెబియన్ రిపాజిటరీలో (ప్యాకేజీల గోదాము) ఉన్నయ్యి కాబట్టి అర్జీలు, నోటీసులు, బోనఫైడ్ల లాంటివి లిబ్రేఆఫీసులో లాగించెయ్యొచ్చు. కానీ పెళ్ళి పత్రికలు వేరే. అవన్నీ విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినయ్యి, అన్ని సిస్టమ్స్‌లో చదవగలిగే యూనికోడ్ కాదు, ఇరవై ఏళ్ళ డిజైన్లు ఆ ఫైళ్ళలో ఉన్నాయి. వాటిని మార్చమంటే ఆ అక్క పని మానేసి ఇంటికి పోతది. అందుకని ఆమె సిస్టమ్‌ని విండోస్ 10తోనే ఉంచి నెట్ కేబుల్ పీకేశా. నాలుగిట్లో మూడే మారాయి. నూరు శాతం లైనక్స్ అని గొప్పలు చెప్పుకునే పోస్టులు నేనూ చదివాను, వాళ్ళెవరికీ మాఘమాసంలో డీటీపీ షాపు లేదు.

ప్రింటర్ ఒక రోజు తినేసింది. పేరు చెప్పను, మన వైపు జిరాక్స్ షాపుల్లో సగం చోట్ల ఉండే పాత లేజరే. దాని గురించి ఇంకా రాస్తే బూతులొస్తాయి, వదిలెయ్యండి.

ఇంకోటి మాత్రం చెప్పాల, ట్రిక్సీ వేసుకునేవాళ్ళకి పనికొస్తది. మూడో రోజు ఒక మేడమ్ రెండొందల పేజీల పాస్‌బుక్కులు, దస్తావేజులు స్కాన్‌కి తెచ్చింది, సగంలో సిస్టమ్ నత్తలాగా అయిపోయింది. చూస్తే, ట్రిక్సీ నుంచి తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే స్లాష్ టీఎంపీ ఫోల్డరు డిస్క్ మీద కాదు, ర్యామ్‌లో ఉంటుంది, ఉన్న ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. మనకున్నదే నాలుగు జీబీ. స్కానింగ్ సాఫ్ట్‌వేర్ పేజీలన్నీ అందులో పడేస్తా పొయ్యింది. ఇదంతా రిలీజ్ నోట్స్‌లో నీట్‌గా రాసుంది, టీఎంపీ డాట్ మౌంట్‌ని సిస్టమ్‌సీటీఎల్ అనే కమాండుతో మాస్క్ చేసి, అంటే పనిచెయ్యకుండా ఆపేసి, రీబూట్ చేస్తే మళ్ళీ డిస్క్ మీదకి పోద్దని కూడా రాసుంది. నేను చదవలా. పెన్నలో నీళ్ళొచ్చాక తూము వెతుక్కున్నట్టు తర్వాత చదివా. ఆ మేడమ్ మాత్రం గంటసేపు కూర్చుని చిన్నాయనని, నన్ను, మా వంశాన్ని మార్చి మార్చి చూసింది.

మొత్తానికి మూడు సిస్టమ్స్ పరిగెత్తుతున్నాయి. ప్యాకేజీలు (వేసుకోదగ్గ ప్రోగ్రాములు) దాదాపు డెబ్బై వేలు, అందులో పద్నాలుగు వేలకి పైన కొత్తవి, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ 6.12, ప్యాకేజీలు వేసీ తీసీ పెట్టే ఏప్ట్ 3.0లో వేసేవి పచ్చగా తీసేసేవి ఎర్రగా చూపిస్తుంది. ఐదేళ్ళ అప్‌డేట్లు, మూడేళ్ళు మామూలుగా, ఇంకో రెండేళ్ళు ఎల్‌టీఎస్‌గా, అంటే దీర్ఘకాలపు సపోర్ట్‌గా. ఆర్‌ఐఎస్‌సీ-వి అనే ఓపెన్ డిజైన్ ప్రాసెసర్లకి కూడా మొదటిసారి అఫీషియల్ సపోర్ట్ వచ్చింది, మద్రాసు ఐఐటీ వాళ్ళ శక్తి ప్రాసెసర్ ఆ జాతిదే, మన నెల్లూరోళ్ళకి మద్రాసంటే పక్కిల్లే కదా, ఆ వార్తకి నాకు ఉత్తపుణ్యానికి గర్వమేసింది.

ఇప్పుడు నా బాధ.

నా దగ్గర ఒక బుల్లి లాప్‌టాప్ ఉంది, పదంగుళాలది, ప్రాసెసర్ ఆటమ్ ఎన్270, ర్యామ్ ఒక జీబీ. 2009లో ఇంజినీరింగులో ఉన్నప్పుడు మా నాయన మద్రాసు రిచీ స్ట్రీట్‌లో బేరమాడి కొనిచ్చింది. దాంతో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ పొయ్యింది 2014లో, అంతకు మూడేళ్ళ ముందే దాంట్లో డెబియన్ వేశా, వెర్షన్ తర్వాత వెర్షన్ అప్‌గ్రేడ్ చేసుకుంటా బుక్‌వర్మ్ దాకా వచ్చా. చిన్నాయన షాపులో కరెంటు పోయినప్పుడు గిరాకీ లెక్కలు రాసుకునేది దాంట్లోనే. ఎవరన్నా పాత సిస్టమ్ పారేస్తా అంటే ఈ పిల్లదాన్ని చూపించి "డెబియన్ ఎవర్నీ వదలదు" అని డైలాగు కొట్టేవాణ్ణి.

ట్రిక్సీలో ఐ386కి, అంటే పాత 32 బిట్ ప్రాసెసర్ల జాతికి, ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ లేదు. 64 బిట్ సిస్టమ్ మీద పాత 32 బిట్ ప్రోగ్రాములు నడుపుకోవడానికి ప్యాకేజీలు మాత్రం ఉంచారు. నాలాంటోళ్ళకి రిలీజ్ నోట్స్‌లో రెండే దారులు, 64 బిట్ నడిచే ప్రాసెసర్ అయితే దాంట్లో మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకో, కాకపోతే ఆ హార్డ్‌వేర్‌కి రిటైర్‌మెంట్ ఇచ్చెయ్. ఎన్270 ఉత్త 32 బిట్ ప్రాసెసరు.

అంటే ఒకే వారంలో, ఒకే షాపులో, ఒకే కుర్చీలో కూర్చోని, పక్కోళ్ళు వదిలేసిన మూడు సిస్టమ్స్‌ని డెబియన్‌తో బతికించి, డెబియన్ వదిలేసిన దాన్ని సంచిలో పెట్టుకున్నా. కోపం రాలేదంటే అబద్ధం. ఆ రాత్రి వానకి కరెంటు పొయ్యింది, ఆ బుల్లిదాన్నే ఫోన్ హాట్‌స్పాట్‌కి తగిలించి వాళ్ళ పాత చర్చలన్నీ చదువుతా కూర్చున్నా. దాచిపెట్టి చేసిందేం లేదు, ఏడాదిన్నర ముందు నుంచే చెప్పుకుంటా వచ్చారు. 2038 గొడవ కూడా ఒకటుంది. 32 బిట్ సిస్టమ్స్ టైముని 1970 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి, ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైములో పొద్దున 8 గంటల 44 నిమిషాలకి నిండిపోద్ది. ట్రిక్సీలో మిగతా 32 బిట్ ప్రాసెసర్ జాతులన్నిటినీ 64 బిట్ టైముకి మార్చారు, వేల ప్యాకేజీలు తిరగరాసినంత పని, ఐ386ని మాత్రం పాత ప్రోగ్రాములు చెడకూడదని అట్నే వదిలేశారు.

వీటన్నిటికంటే నన్ను ఆపింది ఇంకొకటి. అక్కడ ఏది ఉండాలన్నా దాన్ని మోసే మనిషి ఉండాల. కెర్నల్ బగ్గులు చూసేవాడు, ఇన్‌స్టాలర్ టెస్ట్ చేసేవాడు, పాత మెషీన్ దగ్గర పెట్టుకోని ఏం పగిలిందో చెప్పేవాడు. ఐ386కి అట్టాంటోళ్ళు చాలినంతమంది లేరు. నా దగ్గర మెషీన్ ఉంది. పద్నాలుగేళ్ళుగా వాడుతున్నా. ఒక్క బగ్ రిపోర్ట్ రాసిన పాపాన పోలా. ఊళ్ళో సత్రం భోజనం పద్నాలుగేళ్ళు తిని, ఒక్క పూట కూడా వడ్డించకుండా, ఇప్పుడొచ్చి సాంబార్ లేదేందని అడిగినట్టుంది నా యవ్వారం.

బుల్లిదాన్ని పారెయ్యట్లా. బుక్‌వర్మ్‌కి 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్ ఉంది, అప్పటిదాకా దాని మీదే ఉంటది. వచ్చేటప్పుడు చిన్నాయన "అయితే 2028 తర్వాత దీన్ని ఏం చేస్తావ్" అన్నాడు, "మీ లెక్కలకి నెట్ ఎందుకు, కేబుల్ పీకేద్దాం, అక్క సిస్టమ్ లాగా" అన్నా. నవ్వి, ఆ ఇన్‌స్టాలర్ సంగతి ఎత్తాడు, సగం తెలుగు సగం ఇంగ్లీషు ఉంది చూడు అది ఎవురు రాస్తారు అని. వాలంటీర్లు చిన్నాయనా అన్నా. "అంటే ఎవురు?" అన్నాడు.

బెంగుళూరు బస్సులో కూర్చున్నాక తెలుగు అనువాదాల ఫైల్ దించి చూశా. నిన్న రాత్రికి ముప్పై వాక్యాలయ్యాయి. హార్డ్‌డిస్క్‌ని భాగాలు చేసే 'పార్టిషన్'ని తెలుగులో ఏమనాలో మాత్రం ఇంకా తేలలా, విభజన అంటే చిన్నాయనకి రాష్ట్రం గుర్తొస్తదంట.