మ్యాప్ అక్కడే వదిలేసి వచ్చాం

పొద్దున్నే మ్యాపులు తీసే పెద్ద ప్రింటరు, ప్లాటర్, మొరాయించింది. నీలం ఇంకు అయిపోయినట్టుంది, వాగు కాస్తా గులాబీ రంగులో వచ్చింది. మళ్లీ ప్రింటు తీసే టైం లేదు. ఆ ఊరి మ్యాప్‌నే చుట్టి పట్టుకుని మా కాలేజీ పిల్లలతో ఊళ్లో మీటింగుకి బయల్దేరాను.

మీటింగుకి ఊరివాళ్లు 14 మంది వచ్చారు. మ్యాప్‌ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నీళ్ల సీసాలు పెట్టి, పైన ట్రేసింగ్ షీటు కప్పాం. ఊరు ఎటు పెరగాలో, ఏ నేల జోలికి పోకూడదో వాళ్లే గీయాలి. 1960ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఇయాన్ మెక్‌హార్గ్ ఇలాగే నేల, నీరు, వాలు, అడవి వేరువేరు షీట్ల మీద గీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి చూపించేవాడు. ఇప్పుడా పని కంప్యూటర్ చిటికెలో చేస్తుంది. అయినా నేను షీట్లే తీసుకెళ్తాను. చేతికి పెన్సిలిస్తే జనం మాట్లాడతారు, మౌసిస్తే నోరు మెదపరు.

"వాగు ఎర్రబడిందేంటి?" అని కాసేపు నవ్వుకున్నారు. తర్వాత ఒక పెద్దావిడ, మేం ఇళ్లకి అనువైన ఖాళీ నేల అని గుర్తు పెట్టిన చోట వేలు పెట్టింది.

"ఇది ఖాళీ అని మీకెవరు చెప్పారమ్మా? వానలొస్తే ఇక్కడ మోకాలి లోతు నీళ్లు. నాలుగు రోజులుండి ఇంకిపోతాయి. ఇళ్లు కట్టేస్తే ఆ నీళ్లెటు పోవాలి? మా ఇళ్లలోకేగా!"

మేం వాడిన శాటిలైట్ ఫోటో ఎండాకాలంలో తీసింది. ఆ సంగతి నాకు తట్టనేలేదు. మా విద్యార్థి ఒకడు మాట్లాడకుండా ఆ గుర్తు చెరిపేశాడు.

ఇంతలో వెనక నుంచి ఒకాయన, "ఇదివరకూ ఒక కాలేజీవాళ్లు వచ్చారు మేడమ్. ఫోటోలు తీసుకున్నారు, సంతకాలు పెట్టించుకున్నారు. రిపోర్టు మాత్రం ఇప్పటిదాకా చూడలేదు" అన్నాడు. ఏం చెప్పను? మా ప్రాజెక్టు సెమిస్టర్‌తో అయిపోతుంది, ఆ నీళ్లు నిలిచేది ఆ తర్వాత.

క్లాసులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్న విల్లమెట్ నది ప్రాంతం గురించి ఏటా చెప్తుంటాను. 1850 నాటి నేల, 1990 నాటి నేల, 2050కి మూడు రకాల భవిష్యత్తులు పక్కపక్కన పెట్టి అక్కడ పోల్చి చూశారు. పరిరక్షణకి పెద్దపీట వేస్తే, యూరప్ నుంచి వచ్చిన వలసదారులు స్థిరపడ్డాక పోయిన ప్రకృతిలో 20 నుంచి 70 శాతం దాకా తిరిగి రావచ్చని లెక్క తేలింది. ఆ అంకెలు బోర్డు మీద రాసి మురిసిపోతాను. ఆ భవిష్యత్తులు ఎలా ఉండాలో అక్కడి జనం యూనివర్సిటీలవాళ్లతో నెలల తరబడి కూర్చుని తేల్చారన్న మాట మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తాను.

బయల్దేరేటప్పుడు, రిపోర్టు చూడలేదన్న ఆయనే, "ఇది ఇక్కడుంచుతారా?" అని అడిగాడు. ఒరిజినల్ లేకుండా కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కిస్తామని తోటి లెక్చరర్ గొణిగింది. ఫోటోలు తీసుకుని, షీటుతో సహా అక్కడే వదిలేసి వచ్చాం.

ఇప్పుడే ఆ ఫోటోలు తెరిచి చూశాను. ఒకదాంట్లో నా బొటనవేలు అడ్డొచ్చింది, సరిగ్గా నీళ్లు నిలిచే ఆ చోటే. రేపు ఫోన్ చేసి, ఇంకో ఫోటో తీసి పంపమని అడగాలి.