కంచెకు పడ్డ సందు

ఇయ్యాల పొద్దుగాల భూత్పూర్ కెళ్ళి జడ్చర్ల దిక్కు బండి మీద పోతున్న, మెయిన్ రోడ్డుకు సర్వీస్ రోడ్డుకు నడుమ ఇనుప కంచె వెంబడి నల్లగ ఏందో ఉరుకుతున్నది, కుక్క అనుకున్న, దగ్గరికి పోతే అడివిపంది, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకొని. కంచె లోపల, లారీల దిక్కు పడ్డది. ఎట్ల వచ్చిందంటే మన పుణ్యమే, చాయ్ హోటల్ కాడ జనం అడ్డంగ దాటేటందుకు రెండు ఊచలు పీకిన సందుంది గద, దాంట్లకెళ్ళి. మళ్ళ ఆ సందు దానికి దొరకలే. మూతితోని కంచెను పొడుసుకుంట ఇటు కొంచెం దూరం, అటు కొంచెం దూరం. లారీ హారన్ కొట్టంగనే గిర్రున తిరిగి రోడ్డెక్కి డివైడర్ చెట్లల్ల దూరింది. బతికిందో లేదో, డ్యూటీకి లేటైతదని నేను ఆగలే.

సాయంత్రం వచ్చేటప్పుడు ఎప్పటి లెక్కనే బండి ఇవతల పెట్టి రోడ్డు దాటి చాయ్ కి పోయిన. సందుకు ఎవరో బైండింగ్ వైరు చుట్టిన్రు. ఇప్పుకొని పోయిన.

చాయ్ తాగుతుంటే బామ్మర్ది ఫోన్. కెనడాల కాల్గరీ కాడ ట్రక్కు నడుపుతడు. పంది సంగతి చెప్తే "బావా, మా దిక్కు బాన్ఫ్ అడివిల హైవేకు ఎనిమిదడుగుల కంచె ఉంటది, లోపల పడ్డది బయటపడాలె గద, అందుకే లోపలి దిక్కు మట్టి పోసి ఏటవాలు కట్ట కట్టిన్రు, ఎక్కి అవతలికి దుంకుడే, అవతల నిటారు గోడ, మళ్ళ ఎక్కరాదు" అన్నడు. పక్క రోడ్లు కలిసేకాడ కంచె పెట్టరాదు కాబట్టి గుంత మీద పైపులు పరుస్తరంట, గిట్టలున్నయి కాలు ఇరుక్కుంటదని రావు, ఎలుగుబంటికి గిట్టలేడియి, అది సక్కగ నడిసొస్తది, దానికి కొన్నికాడ కరెంటు చాపలు. ఉత్త కంచె పెడితే అడివి రెండు ముక్కలైతదని జంతువులు దాటేటందుకు 6 వంతెనలు, 38 కింది దారులు కట్టిన్రు, బండ్లు జంతువులను గుద్దుడు 80 శాతం మీదనే తగ్గింది.

మనకు లేదా అంటే ఉంది, గీ 44 నంబర్ రోడ్డు మీదనే, పైన మధ్యప్రదేశ్ దిక్కు పెంచ్ పులుల అడివి కాడ రోడ్డును లేపి కింద దారులిడిచిన్రు, ఒకటైతే 750 మీటర్లు, కెమెరాలల్ల పులులు పడ్డయి. మన అమ్రాబాద్ పులుల అడివిలనేమో జంతువులు బండ్ల కింద పడొద్దని రాత్రి 9 కి మన్ననూర్ గేటు బంద్ పెడుడు, శ్రీశైలం పోయేటోళ్ళు గేటు కాడ లొల్లి పెట్టుడు.

వచ్చేటప్పుడు వైరు మళ్ళ చుట్టిన. పోయేటప్పుడు మూడు చుట్లుండె, చీకట్ల ఒక్కటే పడ్డది.