కిల్లారిలో మిగిలిన గోడ

అప్పుడు నాకు ఏడేళ్లు. జహీరాబాద్ దగ్గర మా ఊళ్లో నానమ్మ పక్కన పడుకున్నాను. తెల్లవారుజామున గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. నానమ్మ నన్ను రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. పొద్దున రేడియోలో విన్నాం, మహారాష్ట్ర లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చిందని. 1993 సెప్టెంబరు 30. అప్పటి నుంచి ఒక్కసారైనా ఆ ఊరు చూడాలని ఉండేది.

మొన్న డిసెంబరులో బండి మీద బయలుదేరాను. హుమ్నాబాద్ దాటి ఉమర్గా వరకు హైవే, అక్కడి నుంచి లాతూరు రోడ్డు. దారంతా నల్లరేగడి, కంది, జొన్న. మా ఊరి పొలాల్లాగే ఉన్నాయి. ఆ పోలిక చూస్తుంటేనే గుండె బరువెక్కింది.

పాత ఊరు ఉన్న చోట తుమ్మచెట్లు లేచాయి. వాటి మధ్య ఒక గోడ మొండిగా నిలబడి ఉంది. దగ్గరికెళ్లి చూశాను. రెండు మూరల మందం. బయట ఒక వరస రాళ్లు, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ నింపారు. ఈ వైపు నుంచి ఆ వైపుకి అడ్డంగా పోయే పొడుగు రాయి ఒక్కటీ లేదు. వేలు పెడితే మట్టి పిండిలా రాలింది. నేల ఊగగానే రెండు వరసలూ విడిపోయి చెరో వైపు పడ్డాయి. వాటి మీద నిలిచిన మట్టి మిద్దె లోపలికి కూలింది. కారకుండా ఉండాలని ఏటా కొత్త మన్ను పోస్తూ పోతే మిద్దె మూరెడు మందం అవుతుంది. ఎండకు చల్లగా ఉంచిన ఆ బరువే నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. దాదాపు 10 వేల మంది పోయారు.

తీవ్రత 6.2. అంతకంటే పెద్ద భూకంపాలు చాలా వచ్చాయి. కానీ ఇది నేలకు బాగా దగ్గర్లో పుట్టింది. మన దేశాన్ని మోస్తున్న పెద్ద రాతిపలక, అంటే భారత ఫలకం, ఉత్తరానికి నెడుతూనే ఉంటుంది, ఆ ఒత్తిడి దక్కను రాతి కింద ఉన్న పాత పగుళ్లలో కూడా పేరుకుంటుంది. అప్పటి భూకంప ప్రమాద పటంలో ఈ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉండేది. 1992లోనే కిల్లారి కింద నేల చాలాసార్లు కదిలినా పటం మారలేదు. తర్వాత మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఇక్కడ 617 మీటర్ల లోతు బోరు వేశారు. 338 మీటర్లు నల్లరాయే, దాని కింద అసలు పాతరాయి.

కొత్త ఊళ్లో ఒక ముసలాయన టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. మా మాటలన్నీ దక్కనీ హిందీలోనే. వినాయక నిమజ్జనం చేసొచ్చి అందరూ పడుకున్నారట. ఆయన మాత్రం చేను కాపలాకి వెళ్లాడు. "తిరిగొచ్చేసరికి దుమ్ము, బాబూ. ఇంటి గుమ్మం ఏదో తెలియలేదు. పేరు పెట్టి పిలుద్దామంటే నోట్లోకి మన్నే వచ్చింది." ఆ తర్వాత వాన. తడిసిన కట్టెలతో చితులు పేర్చారు.

ప్రపంచ బ్యాంకు అప్పుతో 52 ఊళ్లను వేరే చోట కట్టారు. భూమి లేనివాళ్లకు 250 చదరపు అడుగులు, బాగా ఉన్నవాళ్లకు 750. అంత చావు చూశాక కూడా ఇంటి కొలత పొలాన్ని బట్టే ఇచ్చారంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వీధులు తిన్నగా, వెడల్పుగా ఉన్నాయి. "ఎదురింటివాడిని పిలవాలంటే అరవాలి," అన్నాడాయన. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని, ముప్పై ఏళ్లుగా అందులోనే పడుకుంటున్నాడు. స్లాబు కింద నిద్ర రాదట.

చీకటి పడ్డాక మా ఊరు చేరాను. నానమ్మ ఇంట్లో ఇప్పుడు బాబాయి వాళ్లుంటున్నారు. టార్చి పట్టుకుని గోడ పొడుగునా వెతికాను. అడ్డరాళ్లు రెండే కనిపించాయి. మిద్దె మన్ను కొలిస్తే జేనెడు పైనే ఉంది.

"ఏం చూస్తున్నవ్ రా?" అన్నాడు బాబాయి.

"ఉగాది కంటే ముందే ఈ మన్ను దించుదాం, బాబాయ్. కూలి పైసలు నేనిస్తా."

ఆయన పైకి చూసి, వెంటనే మంచం వాకిట్లోకి వేయించాడు.